పాత డబల్ బ్యారెల్ ఒక్కటే: పంట చేనుకి సరే, క్లేకి ఎంతవరకు?

తక్కువ ధరలో డబల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల గుళ్ల తుపాకి, కావాలంటే మన దగ్గర చేతులు మారిన పాత తుపాకే. ఈ సమీక్ష అలాంటిదాని గురించే. పన్నెండు బోరు (గొట్టం లోపలి వెడల్పు కొలత), పక్కపక్కన 28 అంగుళాల గొట్టాలు, బాక్స్‌లాక్ (పేల్చే మర నడుమ పెట్టెలోనే ఉండే రకం), రెండు ట్రిగ్గర్లు, పేలిన తూటాని బయటికి విసిరే ఎజెక్టర్ లేదు. కుడి గొట్టం పావు చోకు, ఎడమది ముప్పావు (చోకు అంటే గుళ్లు చెదరకుండా గొట్టం మూతి దగ్గర పెట్టే ఇరుకు). బరువు 3 కిలోలకు కాస్త పైన. ఒడిశాలోని పర్లాకిమిడి వైపు చేలగట్ల మీదా, గాల్లోకి విసిరిన బిళ్లల్ని కొట్టే క్లే రేంజిలోనూ ఏళ్ల తరబడి వాడాక మా తీర్పు ఇది: చేనుకి నిక్షేపంగా ఉంది, క్లేకి ఏదో నడుస్తుంది.

చట్టం సంగతి ముందే చెప్పాలి. 1972 వన్యప్రాణి చట్టం ఉండగా సరదా వేట కుదరదు. పంట మీద పడే అడవిపందినైనా అటవీ శాఖ రాతపూర్వక అనుమతి చేతికొచ్చాకే కాల్చాలి. చచ్చిన పంది కూడా సర్కారు సొత్తే, కూరకి రాదు. 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్సు మీద రెండు తుపాకులకు మించి ఉంచుకోకూడదు, అందుకే ఒకదానితోనే రెండు పనులూ కానిద్దామనుకునేవాళ్లు చాలామంది. లైసెన్సు ఒడిశా వరకే చెల్లేదైతే తుపాకితో ఆంధ్రలోని పాతపట్నంలో అడుగుపెట్టకూడదు, పక్కనే కదా అంటే పోలీసు వినడు.

ఇక కొనేటప్పుడు. చెక్క మెరుపూ నగిషీ చూసి మోసపోవద్దు. తూటాలు లేవని రెండు గొట్టాల్లోకీ చూసుకుని, గొట్టాల కింద ఉండే ముందు చెక్క ఊడదీసి తుపాకి మూసి, గొట్టాలు ఒక చేత్తో, బట్ (భుజానికి ఆనే చెక్క) ఒక చేత్తో పట్టుకుని ఊపాలి. ముందు చెక్క ఉండగా ఊపితే దాని స్ప్రింగు బిగువు వదులుని కప్పేస్తుంది. తీశాక కొంచెం కదిలినా కీలు అరిగినట్టే. తుపాకి తెరిచే పైన మీట మధ్యగీతకి కుడివైపు ఆగాలి, గీత దాటి ఎడమకి పోయిందంటే గొట్టాల్ని మూసి పట్టే బోల్టు అరిగింది. గొట్టాలు విడదీసి కొక్కెం పట్టుకుని వేలాడదీసి గోటితో మీటితే గంటలా మోగాలి. చప్పగా మోగితే రెండు గొట్టాల్నీ కలిపే మధ్యపట్టీ టంకం ఎక్కడో వదిలింది. గొట్టంలోంచి వెలుతురు వైపు చూస్తే లోపలి నీడలు గుండ్రంగా, సమంగా ఉండాలి. ఒక చోట విరిగితే అక్కడ సొట్టో ఉబ్బో ఉంది. తుప్పు గుంటలు పోవడానికి లోపల సానపట్టిన గొట్టాలు అద్దంలా కనిపిస్తాయి, అవే ప్రమాదం. గోడ మందం అర మిల్లీమీటరుకి తగ్గితే ఎంత చవకైనా వదిలేయండి. చివరగా డమ్మీ తూటాలు పెట్టి ముందు ట్రిగ్గర్ నొక్కి, బట్‌ని రబ్బరు చాప మీద తట్టండి. రెండో గుర్రం (తూటాని పేల్చే సుత్తి) దానంతటదే పడితే దాన్ని ఆపి ఉంచే సియర్ అరిగినట్టు. అసలు తూటాలతో అలా పడితే రెండు గొట్టాలూ ఒకేసారి పేలతాయి.

మరీ ముఖ్యం చాంబర్, అంటే తూటా కూర్చునే గది, పొడవు. పాత తుపాకులు చాలావరకు 65 మిల్లీమీటర్లవి. 70 మిల్లీమీటర్ల తూటా వాటిలో సుఖంగా దూరుతుంది, తిప్పలు అక్కడే. ఆ 70 అనేది పేలి నోరు విచ్చుకున్నాక ఉండే పొడవు. నోరు విచ్చుకోవాల్సిన చోట గొట్టం సన్నబడి ఉంటుంది కాబట్టి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. దూరింది కదా సరిపోయింది అనుకోకండి, గేజితో కొలిపించండి. గొట్టం కింద నైట్రో ప్రూఫ్ ముద్ర (పొగరాని మందుకి పరీక్షించిన గుర్తు) లేకపోతే నల్లమందు కాలం నాటిదనుకుని దూరంగా ఉండండి.

క్లే దగ్గర లోపాలు బయటపడతాయి. బిళ్ల 110 మిల్లీమీటర్లు, ట్రాప్ అనే క్లే పోటీలో తూటాకి 24 గ్రాముల గుళ్లే. ఆ లెక్కన దెబ్బ భుజానికి బాధ కాదు. బాధంతా వేడితో. ముందు చెక్క సన్నం, ఎడమచెయ్యి గొట్టం మీదే పడుతుంది, 25 బిళ్లల రౌండు అయ్యేసరికి పట్టుకోలేం. తోలు తొడుగు కొనక తప్పదు. రెండో దెబ్బకి వేలు వెనక ట్రిగ్గర్‌కి మార్చాలి, బట్ పొట్టిదైతే ముందు ట్రిగ్గర్ వేలి వెనక ఠక్కున తగులుతుంది. రబ్బరు ప్యాడ్ తొడిగితే పొడవు పెరిగి ఆ పోటు తగ్గుతుంది. పోటీల్లో నెగ్గాలనే ఆశ ఉంటే ఒకదాని మీద ఒకటి గొట్టాలున్న, మూడున్నర కిలోల తుపాకి వేరే చూసుకోవాలి. సింగిల్ ట్రిగ్గర్ పాతవాటిని మాత్రం నమ్మలేం, తేలిక తూటాకి దెబ్బ చాలక రెండో గొట్టం సిద్ధం కాదు.

చోకు మీద రాసింది నమ్మే బదులు కాగితం మీద చూడండి. 40 గజాల్లో పెద్ద కాగితం కట్టి కాల్చి, గుళ్లు దట్టంగా పడ్డచోట 30 అంగుళాల వలయం గీసి లెక్కపెట్టాలి. ఆరో నంబరు ఔన్సు తూటాలో సుమారు 270 గుళ్లుంటాయి. సగం చోకుకి 160 పైచిలుకు, ఫుల్ చోకుకి 190 దాకా పడాలి. పందికి ఎల్‌జీ అనే లావు గుళ్ల తూటా వాడతారు, ఔన్సుకి ఆరే గుళ్లు. 30 గజాలు దాటితే చెదిరి, జంతువు గాయంతో తప్పించుకుంటుంది. అది మరీ ప్రమాదం. ఒంటిగుండు తూటా ముప్పావు చోకులోంచి వద్దే వద్దు.

వానాకాలం ఈ కొండపక్కల తుప్పు రోజుల్లో పడుతుంది. గుడ్డసంచిలో దాస్తే తేమ పట్టి ఉంచుతుంది. పలచని నూనె రాసి, ఖాళీగా, మూతి కిందికి పెట్టి తాళంలో ఉంచండి. మూతి పైకి పెడితే నూనె కిందికి జారి బట్ చెక్క మెత్తబడి, బిగింపు దగ్గర చీలుతుంది.