షార్ట్ ఫిల్మ్‌కి డబ్బు: చందాలా, స్పాన్సరా, చీటీయా?

బెజవాడలో షార్ట్ ఫిల్మ్ తీయాలనుకునే కుర్రాళ్లు నాకు ఫోన్ చేస్తే రెండే ప్రశ్నలు. కెమెరా అద్దెకి ఎక్కడ దొరుకుతుంది? డబ్బు ఎలా పుట్టించాలి? మొదటిదానికి ఒక్క నిమిషంలో జవాబు చెప్పేస్తాను. రెండోదానికి గంట పడుతోంది. పైగా ఆ గంటలో ఒక్కొక్కరికి ఒక్కోలా చెప్తున్నానని ఈమధ్య ఒకడు పట్టేశాడు. అందుకే ఇక కూర్చుని రాస్తున్నాను.

ముందు నా లెక్క. కిందటేడు మేం తీసింది 14 నిమిషాల సినిమా. కృష్ణలంకలో ఒక ఇల్లు, కరకట్ట, ఒక ఆటో, మూడు రోజుల షూటింగ్. మొత్తం 1,40,000 అయింది. అందులో షూటింగ్‌కి 85 వేలు, ఆ తర్వాతి పనులకి 55 వేలు. ఆ తర్వాతి పనులకి నేను కాగితం మీద రాసుకున్నది మాత్రం 20 వేలే. హైవే పక్కన ఇల్లు కదా, రికార్డు చేసిన సౌండ్‌లో అమ్మాయి గొంతు కంటే లారీ హారన్ బాగా వినిపించింది. మొత్తం డబ్బింగ్ మళ్లీ చెప్పించాల్సి వచ్చింది. తర్వాత మిక్సింగ్, మ్యూజిక్, కలర్.

షూటింగ్‌కి డబ్బు ఎలాగోలా పుడుతుంది. అప్పుడు అందరికీ ఊపు ఉంటుంది, ఒకడు బైక్ ఇస్తాడు, ఒకడి అమ్మ పులిహోర చేసి పంపిస్తుంది. ప్యాకప్ అయిన మర్నాటి నుంచి ఎవరూ ఉండరు. గుంటూరు బ్రాడీపేటలో నా ఫ్రెండ్ ఒకడి బీరువాలో మూడేళ్లుగా ఒక హార్డ్ డిస్క్ ఉంది, చీరల మధ్యన. అందులో మంచి సినిమా ఉంది, ఎడిటింగ్ కూడా సగమైంది. ఆగింది డబ్బింగ్ దగ్గరే. కాబట్టి ఎవరైనా ‘ఫలానా వాళ్లు యాభై వేలిస్తామన్నారు’ అంటే నేను అడిగేది ఒక్కటే: ఎప్పుడు?

ఇది కొత్త సంగతేం కాదు. బెజవాడ గాంధీనగర్ నిండా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులున్న రోజుల్లో పెద్ద సినిమాలకి కూడా కొంత డబ్బు ముందూ మిగతాది సినిమా రీళ్ల బాక్సులు తీసుకునేటప్పుడూ వచ్చేది. బాక్సు వస్తుందన్న నమ్మకం మీదే ఆ బేరం నడిచేది. మన సినిమాకి బాక్సూ లేదు, థియేటరూ లేదు. చివర్లో డబ్బుతో ఎదురుచూసేవాడు ఎవడు?

సొంత డబ్బు గురించి చెప్పేదేం లేదు. ఉంటే అదే మేలు, ఉంటే ఈ వ్యాసం చదవరు. బంగారం తాకట్టు పెట్టడం తేలికే, పొద్దున వెళ్తే మధ్యాహ్నానికి డబ్బు చేతిలో ఉంటుంది. కాకపోతే ఆ గాజులు మనవి కావు, అమ్మవి. నేనా జోలికి పోలేదు.

ఇక చందాలు. మొదట నాకు దీని మీదే మోజు. 38 మంది, ఐదొందల నుంచి ఐదు వేల దాకా వేశారు, మొత్తం 46 వేలు. వచ్చినవన్నీ మొదటి తొమ్మిది రోజుల్లోనే వచ్చాయి. పదో రోజు నుంచి ఫోన్ మోగితే అది కరెంటు బిల్లు మెసేజే. షూటింగ్ అయ్యాక డబ్బింగ్ కోసం మళ్లీ అదే గ్రూపులో అడిగితే ‘సినిమా ఏదిరా?’ అన్నారు. తప్పు వాళ్లది కాదు. చందా ఒక్కసారే అడగగలం, ఆ ఒక్కసారీ మనం షూటింగ్ కోసమే వాడేస్తాం. తెనాలిలో ఒక పెళ్లికి వెళ్తే భోజనాల బంతిలో మా బాబాయి, పక్క విస్తరి వాళ్లందరికీ వినపడేలా, ‘ఏరా, నా వెయ్యి రూపాయల సినిమా ఎప్పుడూ?’ అన్నాడు. ఆ రోజు గుత్తి వంకాయ రుచి నాకు గుర్తులేదు.

చందాలతో సినిమా అనగానే అందరూ ‘మంథన్’ పేరు చెప్తారు. 1976లో గుజరాత్ పాల రైతులు ఐదు లక్షల మంది తలా 2 రూపాయలు వేసుకున్న సినిమా. నిజమే. కానీ వాళ్లంతా అప్పటికే పాల సహకార సంఘాల్లో సభ్యులు. దర్శకుడు శ్యామ్ బెనెగల్ గడప గడపకీ తిరిగి అడుక్కోలేదు. కన్నడ ‘లూసియా’కి (2013) జనం దగ్గర డబ్బు పోగుచేసిన పవన్ కుమార్ కూడా అప్పటికే ఒక సినిమా తీసినవాడు, బ్లాగులో తన మాట వినేవాళ్లున్నవాడు. మనకున్నది ఇంజనీరింగ్ వాట్సాప్ గ్రూపు. ఆన్‌లైన్ క్రౌడ్ ఫండింగ్ సైట్లదీ ఇదే కథ, పైగా వాళ్ల కమిషన్ ఒకటి. ఇంకో సంగతి చాలామందికి తెలీదు: బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో ఊరికే వచ్చిన డబ్బు 50 వేలు దాటితే ఆ మొత్తమంతా మీ ఆదాయం కిందికి వస్తుంది. నా 46 వేలు ఆ గీతకి ఇవతల ఆగింది నా తెలివి వల్ల కాదు, ఫ్రెండ్స్ అంతే ఇచ్చారు.

స్పాన్సర్ సంగతి వినండి. బీసెంట్ రోడ్డు వైపు ఒక బట్టల షాపాయన 40 వేలిస్తానన్నాడు. పది ముందు, మిగతా ముప్పై సినిమా చూశాక. షాపు బోర్డు కనపడాలి, అంతే. కథ చెప్తుంటే ఫోన్ చూసుకుంటూ తలూపాడు. మా కథలో తండ్రి పోయాక కొడుకు ఆటోలో వెళ్లి ఒక కొత్త పంచె కొనుక్కొస్తాడు. ఎక్కడ కొంటాడు? ఈయన షాపులోనే. నేను అది చాలా గొప్ప ఐడియా అనుకున్నాను. ఎడిటింగ్ అయ్యాక లాప్‌టాప్ పట్టుకెళ్లి కౌంటర్ మీద పెట్టి చూపించాను. ఆయన ఆ షాట్ దగ్గర ఆపమన్నాడు.

‘బాబూ, మా కొట్లో శవానికి బట్ట కొంటున్నాడా?’

‘వాళ్ల నాన్నకండీ, కొత్త పంచె...’

‘దసరా ముందు ఇది చూస్తే ఎవడైనా మా గుమ్మం ఎక్కుతాడా? పెళ్లికి కొన్నట్టు మార్చెయ్.’

ఆయన స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణేమో. కానీ సినిమా మొత్తం ఆ పంచె మీద నిలబడి ఉంది. ముప్పై వేలూ పోయాయి, ఆ బోర్డు కనపడకుండా మసక చేయించడానికి ఎదురు ఖర్చు. ఇచ్చిన పది వేలు మాత్రం ఆయన తిరిగి అడగలేదు, అది ఆయన మంచితనం. నా సొంతం 30, చందాలు 46, ఈయన పది. షూటింగ్ పోగా చేతిలో వెయ్యి మిగిలింది. మిగతాది జీతంలోంచి నెలకి ఆరేడు వేలు తీస్తూ ఎనిమిది నెలలు లాగాను. కాలేజీ ఫంక్షన్ కోసమో, అవగాహన కోసమో తీసే సినిమా అయితే స్పాన్సరే మేలు. చావు, అప్పు, విడాకులు ఉన్న కథకి వద్దు.

అప్పుడే, తర్వాతి సినిమా కోసం, చీటీ గురించి ఆలోచన వచ్చింది. మా అమ్మ ఇరవై ఏళ్లుగా చీటీలు కడుతోంది, నాకే తట్టలేదు. లక్ష చీటీ, 20 మంది, 20 నెలలు, నెలకి 5 వేలు. నెలనెలా పాట, అంటే వేలం: లక్షలో ఎక్కువ వదులుకుంటానన్నవాడికి ఆ నెల డబ్బు. నేను చేరిన చీటీలో రెండో నెల ఒకాయన 28 వేలు వదులుకుని పాడాడు. ఆయన చేతికి 72 వేలే వచ్చింది. కంపెనీ కమిషన్ 5 వేలు పోగా మిగిలిన 23 వేలు ఇరవై మందికీ పంచితే ఆ నెల నేను కట్టింది 3,850. అంటే తొందర ఉన్నవాడు నష్టపోతాడు, ఆగగలిగినవాడికి మిగులుతుంది. షూటింగ్ రోజుల్లో మనకి తొందర, డబ్బింగ్ రోజుల్లో కాదు. డబ్బింగ్ డేట్ ఖాయమైన నెలలో పాడుకుంటే డబ్బు సరిగ్గా అప్పుడే వస్తుంది. అంతవరకూ అది మన చేతికి అందదు. క్రేన్ షాట్ కావాలని కెమెరామన్ ఎంత బతిమాలినా అందదు. నాకు చీటీలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇబ్బందులు లేవని కాదు. పాడుకున్నాక జామీను అడుగుతారు, సాధారణంగా జీతం వచ్చే మనిషి కావాలి. సినిమా పూర్తయినా వాయిదాలు ఆగవు. వీధిలో ఆంటీ నడిపే చీటీ వద్దు, రిజిస్టర్ అయిన కంపెనీలోనే వేయండి. నెలకి ఐదు వేలు కట్టలేని విద్యార్థులైతే ఇద్దరు ముగ్గురు కలిసి ఒక చీటీ వేసుకోవచ్చు, పేరు మాత్రం ఒక్కడిదే ఉంటుంది కాబట్టి ఆ ఒక్కడు ఎవరో చూసుకోండి.

యూట్యూబ్ ఛానల్ వాళ్లు డబ్బిస్తారా అంటే ఇస్తారు, పూర్తయిన సినిమాకి. హైదరాబాద్ వెళ్తే నిర్మాత దొరుకుతాడా అంటే, దొరికినవాళ్లు నాకు ఫోన్ చేయరు.

ఇప్పుడు నా చీటీ ఏడో నెలలో ఉంది. ప్రతి నెలా పాట రోజున ఆఫీసు నుంచి ఆవిడ ఫోన్ చేస్తుంది. ‘ఈసారైనా పాడతారా అండీ?’ ‘ఇంకా షూటింగే కాలేదండి’ అంటాను. ‘ఏం షూటింగండీ?’ అని మొన్న మొదటిసారి అడిగింది. కథ చెప్పడం మొదలుపెట్టాను. చావు ఉన్న సీను మాత్రం దాటేశాను.