ఇంట్లో సీ ప్రాక్టీసుకు కోడ్‌బ్లాక్స్: ఏ ఫైలు దించాలి, ఎక్కడ ఆగుతుంది

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ వైపు బీటెక్ ఫస్టియర్‌లోనో పాలిటెక్నిక్‌లోనో చేరి, ఇంట్లో సీ ప్రోగ్రాములు రాసుకోవాలనుకునేవాళ్లు విండోస్ ల్యాప్‌టాప్‌లో కోడ్‌బ్లాక్స్ (కోడ్ రాయడం, నడపడం, తప్పులు వెతకడం ఒకేచోట చేసే సాఫ్ట్‌వేర్) వేసుకోవడం మంచిదని మా అభిప్రాయం. పైసా ఖర్చు లేదు. 4 జీబీ ర్యామ్ ఉన్న సెకండ్ హ్యాండ్ మెషీన్ మీద కూడా నడుస్తుంది. ఒకసారి ఇన్‌స్టాల్ అయ్యాక నెట్‌తో పని లేదు, హాస్టల్‌లో ఉండేవాళ్లకు అది పెద్ద సుఖం.

చాలామంది డౌన్‌లోడ్ దగ్గరే బోల్తా పడతారు. సైజు తక్కువ ఉందని పేరులో మింగ్‌డబ్ల్యూ (MinGW, విండోస్‌కు కంపైలర్‌ను అందించే కట్ట) లేని సెటప్ దించుకుంటారు. అందులో ఎడిటర్ ఉంటుంది గానీ, రాసిన కోడ్‌ను మెషీన్ నడపగలిగే ప్రోగ్రాంగా మార్చే కంపైలర్ ఉండదు, ప్రోగ్రాంను నడపడానికి ఎఫ్9 నొక్కితే కంపైలర్ దొరకలేదనే మెసేజ్ వస్తుంది. పేరులో మింగ్‌డబ్ల్యూ సెటప్ అని ఉన్నదే తీసుకోండి. 20.03 వెర్షన్‌లో దాంతో పాటు జీసీసీ 8.1 అనే కంపైలర్, తప్పులు వెతకడానికి జీడీబీ అనే డీబగ్గర్ వస్తాయి. సరైనది వేసినా అదే మెసేజ్ వస్తే సెట్టింగ్స్‌లో కంపైలర్, అందులో టూల్‌చెయిన్ ఎగ్జిక్యూటబుల్స్ తెరిచి ఆటో డిటెక్ట్ నొక్కండి.

ల్యాబ్‌లో టర్బో సీ మీద నేర్చుకుంటున్నవాళ్లకు ఇక్కడ తేడాలు కనిపిస్తాయి. టర్బో సీ డాస్ కాలపు 16 బిట్ కంపైలర్. అందులో పూర్ణాంకాలు దాచే ఇంట్‌కు 2 బైట్లే, గరిష్ఠం 32767. అందుకే ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాంకు 8 ఇస్తే 40320 రావాల్సింది పోయి -25216 వస్తుంది. కోడ్‌బ్లాక్స్‌లో ఇంట్ 4 బైట్లు, 12 ఫ్యాక్టోరియల్ దాకా సరిగ్గా వస్తుంది, 13 దగ్గర తప్పుతుంది. లాజిక్ తప్పేమోనని గంటలు వెతికే ముందు ఈ హద్దు గుర్తుంచుకోవాలి. టర్బో సీలో తెర తుడిచే సీఎల్ఆర్ఎస్‌సీఆర్ (clrscr) ఫంక్షన్ ఇక్కడ లేదు, ఆ లైను తీసేయండి. చివర్లో కీ నొక్కేదాకా ఆపే గెట్‌సీహెచ్ (getch) కూడా అక్కర్లేదు, ఔట్‌పుట్ విండోను కోడ్‌బ్లాక్సే ఆపి ఉంచుతుంది. వాయిడ్ మెయిన్ బదులు ఇంట్ మెయిన్ రాసి, చివర రిటర్న్ 0 పెట్టండి.

ఒంటరి ఫైలు మీద పనిచేసేటప్పుడు సేవ్ చేసే పేరు చివర డాట్ సీ ఉండాలి. సీపీపీ అని పెడితే సీ++ కంపైలర్ పట్టుకుంటుంది, రూల్స్ మారిపోతాయి. తర్వాత కంపైలర్ ఫ్లాగ్స్‌లో -వాల్ (-Wall) అనే టిక్ తప్పకుండా పెట్టండి. స్కాన్‌ఎఫ్‌లో & మర్చిపోవడం అందరూ చేసేదే. టిక్ ఉంటే రన్ చేయకముందే వార్నింగ్ వస్తుంది. లేకపోతే ప్రోగ్రాం మధ్యలో కూలి, ఔట్‌పుట్ విండోలో ప్రాసెస్ రిటర్న్డ్ అనే మాట పక్కన 0 ఉండాల్సిన చోట -1073741819 కనిపించవచ్చు. తనది కాని మెమరీని ప్రోగ్రాం ముట్టుకుందని ఆ అంకెకు అర్థం. ఎర్రర్ చూపిన లైనులో తప్పేమీ కనిపించకపోతే పై లైను చివర సెమీకోలన్ చూడండి.

కోడ్‌బ్లాక్స్‌ను ఎంచుకోవడానికి అసలు కారణం డీబగ్గర్. ఎఫ్5తో లైను దగ్గర ఆపు గుర్తు పెట్టి, ఎఫ్8తో మొదలుపెట్టి, ఎఫ్7తో ఒక్కో లైనూ నడిపిస్తూ వాచెస్ విండోలో వేరియబుల్ విలువ మారడం చూస్తే, ఫర్ లూప్ ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. అయితే ఇది ఒంటరి ఫైలుతో నడవదు, కన్సోల్ అప్లికేషన్ ప్రాజెక్టు తయారు చేసుకోవాలి. ఫోల్డర్ పేరులో ఖాళీలు, తెలుగు అక్షరాలు ఉంటే ఆపు గుర్తులు పనిచేయకుండా పోవచ్చు. డీ డ్రైవ్‌లో చిన్న ఇంగ్లిష్ పేరుతో ఫోల్డర్ పెట్టుకోవడం మేలు.

లోపాలూ ఉన్నాయి. చూడ్డానికి పాత తరం సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది, కొన్ని మెసేజ్‌లు కొత్తవాళ్లను భయపెడతాయి. పర్మిషన్ డినైడ్ అని వస్తే చాలాసార్లు కారణం చిన్నదే: పాత ఔట్‌పుట్ విండో ఇంకా తెరిచే ఉంటుంది. దాన్ని మూసి మళ్లీ బిల్డ్ చేయండి. అయినా పోకపోతే యాంటీవైరస్ ఆ ఫైలును పట్టుకుందేమో చూడండి.

మైక్రోసాఫ్ట్ వారి ఎడిటర్ వీఎస్ కోడ్ అందంగా ఉంటుంది గానీ కంపైలర్‌ను వేరుగా వేసి, అదెక్కడుందో విండోస్‌కు చెప్పే పాత్ సెట్ చేసుకోవాలి. మొదటి సెమిస్టర్‌లో ఆ తంటా వద్దు, పాయింటర్లు, ఫైల్స్ దాకా వచ్చాక మారొచ్చు. పరీక్ష టర్బో సీ మీదే జరిగే కాలేజీలో చదివేవాళ్లు మాత్రం ఇంట్లో కోడ్‌బ్లాక్స్‌లోనే రాసుకుని, పరీక్షకు వారం ముందు నుంచి ల్యాబ్ మెషీన్ మీద పైన చెప్పిన తేడాలను దృష్టిలో పెట్టుకుని అవే ప్రోగ్రాములు ఒకసారి నడిపి చూసుకోవాలి.