మీడియావికీకి క్వెస్టీక్యాప్చా: ఏడాది వాడాక

కడప చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు, చెరువులు, పాత కట్టడాల మీద మేం నలుగురం మీడియావికీతో (వికీపీడియా నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్ అది) ఒక చిన్న వికీ నడుపుతున్నాం. పోయిన ఎండాకాలం ఒకరోజు పొద్దున్నే తెరిస్తే అరవైకి పైగా కొత్త ఖాతాలు. ఒక్కటీ మనిషిది కాదు, అన్నీ బాట్లవి, అంటే తమంతట తామే ఖాతాలు తెరిచి లింకులు పడేసే ప్రోగ్రాములవి. సిద్ధవటం కోట పేజీలో మా పెదనాయన రాసిన పేరా కింద కాసినో లింకులు. ఆయన రెండుసార్లు కోటకు పోయొచ్చి రాసిన పేరా అది. ఏడుపొచ్చింది నాకు.

వచ్చింది మనిషో బాటో తేల్చే చిన్న పరీక్షను క్యాప్చా అంటారు. అప్పటిదాకా మేం వాడింది మీడియావికీకి అదనంగా తగిలించే కన్ఫర్మ్‌ఎడిట్‌లోని సింపుల్‌క్యాప్చా. చిన్న కూడిక అడుగుతుంది, బాట్లకు అది చిటికెలో పని. బయటి లింకులకు మీడియావికీ తనే నోఫాలో (ఈ లింకును లెక్కలోకి తీసుకోవద్దని సెర్చ్ ఇంజన్లకు చెప్పే గుర్తు) పెడుతుంది, స్పామ్ వేసేవాళ్ళకు గూగుల్లో ఒరిగేదేమీ లేదు. అయినా వస్తారు.

కన్ఫర్మ్‌ఎడిట్‌లోనే ఉన్న క్వెస్టీక్యాప్చాకి మారాం. పైసా ఖర్చు లేదు. లోకల్‌సెట్టింగ్స్ ఫైల్లో మన ప్రశ్న, జవాబు రాసుకోవడమే. "యర్రముక్కపల్లె గ్రంథాలయం ఏ దొర పేరు మీద ఉంది?" అని పెట్టాం. ఆ రాత్రి నుంచే బాట్ ఖాతాలు ఆగిపోయాయి.

చిక్కు మన లిపి దగ్గర వచ్చింది. రిటైరైన తెలుగు అయ్యవారు ఒకాయన ఫోన్ చేసి, "బ్రౌను అని కొడితే తప్పంటాంది నాయనా" అన్నారు. నేను "బ్రౌన్" ఒక్కటే పెట్టినా. బ్రౌను, సీపీ బ్రౌన్, సి.పి. బ్రౌన్, అన్నీ చేర్చాం. అయినా కొందరు "బ్రౌన్" అని సరిగ్గా కొట్టినా లోపలికి పోలేకపోయారు. రెండు రోజులు తల పట్టుకుంటే తేలింది: కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనపడని అక్షరం ఒకటి దూరుస్తాయి, జీరో విడ్త్ నాన్‌జాయినర్ అని. మనకు రెండూ ఒకటే, కంప్యూటర్‌కి వేరు. అప్పటి నుంచి పొల్లుతో ముగిసే జవాబు పెట్టడం లేదు. ఇప్పుడు రాగిముద్దను ఇక్కడ ఏమంటారో అడుగుతున్నాం. సంగటి అన్నా సరే, సంకటి అన్నా సరే.

కూలికి స్పామ్ వేసే మనుషులను ఇది ఆపలేదు. నెలకు ఒకటో రెండో దూరతాయి. వాళ్ళు సృష్టించిన పేజీలను మీడియావికీలోని న్యూక్‌తో ఒక్కసారే తుడిచేస్తాం, పాత పేజీల్లో అతికించిన లింకులను మాత్రం ఒక్కోటి చేత్తో తీయాల్సిందే. అయినా నేను గూగుల్ వాళ్ళ రికాప్చాకి పోను. మా దగ్గరికొచ్చే పెద్దవాళ్ళ వివరాలు బయటి కంపెనీకి పోవడం నాకిష్టం లేదు.

మీరూ పెట్టుకోండి. పెట్టేముందు ఆ ప్రశ్నకు ఇంట్లో పెద్దవాళ్ళ చేత వాళ్ళ ఫోన్లోనే జవాబు కొట్టించి చూడండి.