ఫుకుఓకాలో రామెన్: చెక్క అరలోనా, నది ఒడ్డు బండి దగ్గరా?

జపాన్‌లోని ఫుకుఓకా విమానాశ్రయంలో సబ్‌వే ఎక్కితే రెండో స్టేషనే హకాతా. హోటల్ ఆ చుట్టుపక్కలే తీసుకుంటే తిరగడం సులువు. గది మాత్రం ఇరుకు. సూట్‌కేసు తెరవాలంటే మంచం మీద పెట్టాల్సిందే.

ఇంకో రెండు స్టేషన్లు వెళ్తే నకాసు-కవాబాతా. రామెన్, అంటే చారులో వేసిన నూడుల్స్, అమ్మే ఇచిరాన్ 1960లో ఇదే ఊళ్లో మొదలైంది, దాని ప్రధాన భవనం అక్కడే ఉంది. అర్ధరాత్రి దాటినా తెరిచే ఉంటుంది, క్యూ కూడా ఉంటుంది. ముందు మెషీన్‌లో డబ్బులు వేసి టికెట్ తీసుకోవాలి. గిన్నె దాదాపు వెయ్యి యెన్లు. తర్వాత ఒక కాగితం ఇస్తారు. చారు చిక్కదనం, వెల్లుల్లి, ఉల్లికాడలు, ఎర్రకారం, నూడుల్స్ గట్టిదనం అన్నీ టిక్ పెట్టుకోవాలి. కారం రెట్టింపు పెట్టమన్నా నాకు కళ్లలో నీళ్లు రాలేదు, మనవాళ్లు ధైర్యంగా పెంచుకోవచ్చు.

కూర్చునేది ఒక్క మనిషి పట్టే చెక్క అరలో. ఎదురుగా మంచినీళ్ల కుళాయి, వెదురు తెర. తెర కింద నుంచి రెండు చేతులు గిన్నెను ముందుకు జరిపాయి, ఓ తల వంగింది, తెర దిగిపోయింది. మొహం కూడా కనిపించలేదు!

పంది ఎముకల్ని గంటల తరబడి మరిగిస్తే మజ్జా కొవ్వూ నీళ్లలో కలిసి పాలలా తెల్లబడిన చారు అది. మాంసం ముక్కలు వద్దన్నా చారు మారదు కాబట్టి శాకాహారులకిది పనికిరాదు. నూడుల్స్ సన్నగా, తిన్నగా ఉంటాయి. ఇక్కడి నగహామా చేపల మార్కెట్ కూలీలకు తీరిక ఉండదని చిటికెలో ఉడికే సన్న నూడుల్స్ వాడారు. అవి చారులో త్వరగా మెత్తబడతాయి, అందుకే కొంచెమే వడ్డిస్తారు. చాలకపోతే ‘కాఎదామా’ (మరో విడత నూడుల్స్) అడగాలి, మన పెళ్లి బంతిలో మారు అన్నం అడిగినట్టే. అయితే అప్పటికి సగం చారైనా మిగుల్చుకోవాలి. గుడ్డు కొంటే పెంకుతోనే ఇస్తారు, మనమే ఒలుచుకోవాలి.

రుచికి వంక పెట్టలేను. కానీ కబుర్లు లేకుండా గోడ చూస్తూ తినడం నాకు పడలేదు. పక్క అరతో ఉన్న అడ్డు చెక్క మడవొచ్చు, అయినా నలుగురు కలిసి వెళ్తే ఆ సరదా రాదు.

మర్నాడు సాయంత్రం నకా నది ఒడ్డున ‘యతాయి’ బండ్ల దగ్గరకెళ్లాను. పది మంది పట్టే బల్ల, భుజానికి భుజం తగిలేలా కూర్చోవాలి. చారు ఇచిరాన్ అంత చిక్కగా లేదు. పక్కనున్న పెద్దాయన మాత్రం తన ప్లేటులోంచి పుల్లకు గుచ్చిన కోడి మాంసం ఒకటి నా వైపు జరిపి, తినమని సైగ చేశాడు. గిన్నె కోసమైతే ఇచిరాన్, సాయంత్రం గడపడానికైతే ఈ బండి. వాన పడితే చాలా బండ్లు రావు, వాతావరణం చూసుకుని బయల్దేరండి. చేతిలో నగదు ఉంచుకోండి.