జాగ్రత్త: తాళం గట్టిదే, ఊడేది దాని పట్టీ

ఇంట్లో మనుషులుండగానే తలుపు బద్దలుకొట్టి లోపలికొచ్చే ముఠాల భయంతో తాళాలు, కెమెరాలు కొంటున్నవాళ్లకు ఈ హెచ్చరిక. ఈ సరుకు కొన్నరోజు బాగానే కనిపిస్తుంది. తలుపు మీద బలంగా తన్ను పడినప్పుడు ఒకసారి, కేసు కోర్టుకెక్కాక ఇంకోసారి చేతులెత్తేస్తుంది.

తన్నితే తాళం విరగడం అరుదు. బోల్టు దూరే ఇనప పట్టీ, అంటే స్ట్రైక్ ప్లేటు, ద్వారబంధం చెక్కను చీల్చుకుని ఊడొస్తుంది. తప్పు పెట్టెలో వచ్చే స్క్రూలది. చాలా సెట్లలో అవి ముప్పాతిక అంగుళం, అంటే 19 మి.మీ. పొడవే ఉంటాయి. పైచెక్కను తప్ప దేన్నీ పట్టుకోవు. చెక్క ఫ్రేముతో కట్టిన ఇళ్లలో 3 అంగుళాల స్క్రూలు వేస్తే వెనకున్న నిట్టాడి దాకా దిగుతాయి. ఇటుక గోడైతే ద్వారబంధాన్నే యాంకర్ బోల్టులతో గోడకు బిగించాలి. బోల్టు కనీసం అంగుళం బయటికి రావాలి. తలుపు లాగగానే టక్కున పడే స్ప్రింగు గడియను తాళం కింద లెక్కేయకండి, సందు దొరికితే ప్లాస్టిక్ కార్డుతో వెనక్కి జరుగుతుంది. తలుపు గొలుసుకు కూడా అవే పొట్టి స్క్రూలు. దాన్ని నమ్ముకుని తలుపు ఓరగా తీయడం కంటే తలుపుకు కన్ను, అంటే లోపల్నుంచి బయటివాళ్లను చూసే చిన్న గాజు రంధ్రం, పెట్టించుకోవడం నయం. తలుపు బయటికి తెరుచుకునే రకమైతే బందుల పిన్నులు బయటే ఉంటాయి. పిన్ను లాగేసినా రెక్క ఊడకుండా బందుల పక్కన హింజ్ బోల్టులు, అంటే తలుపు మూయగానే ద్వారబంధంలోకి దూరే మేకులు, వేయించాలి.

రెండువైపులా తాళంచెవి పెట్టే యూరో సిలిండర్ల బలహీనత వేరు. బిగించే స్క్రూ కోసం సిలిండరు నడుమ చిల్లు ఉంటుంది, అక్కడ లోహం పలచన. హ్యాండిల్ పలక కంటే 3 మి.మీ. దాటి బయటికి పొడుచుకొస్తే పట్టుకుని విరిచేస్తారు, పని సెకన్లలో అయిపోతుంది. తలుపు మందం కొలిచి సరిపోయే సైజు తీసుకోండి. విరుపును తట్టుకునేదానికి టీఎస్ 007 అనే బ్రిటిష్ ప్రమాణం మూడు నక్షత్రాల గుర్తు ఉంటుంది.

‘మిలిటరీ గ్రేడ్’, ‘ఎవరూ పగలగొట్టలేరు’ అన్న రాతలకు విలువ లేదు. ట్యాప్‌లాక్ అనే స్మార్ట్ తాళాన్ని ఇలాగే ‘అన్‌బ్రేకబుల్’ అని అమ్మారు. వెనక పలక మర విప్పితే క్షణాల్లో తెరుచుకుంటుందని పరిశోధకులు చూపించారు, 2020లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీపై చర్య తీసుకుంది. అడగాల్సింది ఈఎన్ 1627 తరగతి, అంటే తలుపు బద్దలుకొట్టడాన్ని ఎంతసేపు ఆపుతుందో తేల్చే యూరప్ ప్రమాణం. ఆర్‌సీ 2 అంటే స్క్రూడ్రైవర్ లాంటి చిన్న పనిముట్లకు 3 నిమిషాలు, ఆర్‌సీ 3 అంటే గునపం తోడైనా 5 నిమిషాలు ఆగాలి. ఆ పరీక్ష రెక్క, బంధం, తాళం మొత్తానికి కలిపి జరుగుతుంది. తాళానికి మాత్రమే సర్టిఫికెట్ చూపించి తలుపుకంతా వర్తిస్తుందనే అమ్మకందారు దగ్గర ఇంకేమీ కొనకండి.

ఇక కెమెరా. ‘4 మెగాపిక్సెల్, ఇల్లంతా కవర్’ అంటారు. మనిషెవరో తేల్చాలంటే మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు, తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125 ఉండాలని నిఘా కెమెరాల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62676-4 తన 2014 కూర్పులో చెప్పింది. 4 మెగాపిక్సెల్ చిత్రం వెడల్పు 2,560 పిక్సెళ్లు. 100 డిగ్రీల లెన్సుకు 4 మీటర్ల దూరంలో దాదాపు 9.5 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది, అంటే మీటరుకు 270 లోపు. 5 మీటర్లకే 215కు పడిపోతుంది, 10 మీటర్ల దగ్గర 107. గేటు దగ్గరి ముఖం కావాలంటే గేటు దగ్గరే ఇరుకు కోణం కెమెరా ఉండాలి.

బయటి కెమెరాకు ఇంకో పని ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. భారతీయ న్యాయ సంహిత 310 ప్రకారం ఐదుగురు లేక అంతకు మించి కలిసి దోపిడీ చేస్తే అది బందిపోటు దోపిడీ, యావజ్జీవం దాకా శిక్ష. దగ్గరే ఉండి సాయం చేసినవాడూ లెక్కలోకి వస్తాడు. లోపలి కెమెరా నలుగురినే చూపిస్తే, బయట బండిలో కూర్చున్న ఐదోవాడికి సాక్ష్యం ఏది?

డిస్కు లెక్క కూడా వేసుకోండి. కెమెరాకు 4 ఎంబీపీఎస్ చొప్పున నిరంతరం రికార్డయితే రోజుకు 43 జీబీ. నాలుగు కెమెరాలకు 1 టీబీ ఆరు రోజులు కూడా నిండదు, పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుంది. రెక్కీకి వచ్చిన రోజు ఫుటేజీ అడిగేసరికి ఉండదు. పైగా వెళ్తూ వెళ్తూ కెమెరాల వీడియో నిల్వచేసే పెట్టెను, అంటే డీవీఆర్‌నే, ఎత్తుకుపోతారు. టీవీ కింద కాకుండా తాళం వేసిన అరలో పెట్టి, ఇంకో కాపీ బయట ఎక్కడైనా ఉండేలా చూసుకోవాలి. వైఫై కెమెరాకు కనెక్షన్ తెంపడం తేలిక, వీలైతే వైరుదే మేలు.

కోర్టులో మొదటి దెబ్బ గడియారం మీద పడుతుంది. డీవీఆర్ టైము 20 నిమిషాలు తేడా ఉంటే డిఫెన్సు లాయరు వదలడు. టైము సరిదిద్దేముందు డీవీఆర్ తెరనూ పక్కన ఫోన్ గడియారాన్నీ ఒకే ఫొటోలో తీసి తేడా రాసిపెట్టండి. తెరను ఫోన్‌తో వీడియో తీసినదీ, వాట్సాప్‌లో పంపి కుదించినదీ అసలు రికార్డింగుకు బదులు కావు. అసలు ఫార్మాట్‌లోనే ప్లేయరుతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి, అప్పుడే ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ విలువ తీసుకోవాలి, అది ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఫైలు కాస్త మారినా అది మారిపోతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63(4) సర్టిఫికెట్‌లో ఆ హాష్ నింపాలి. ఒక భాగం పరికరం ఎవరి ఆధీనంలో ఉందో వాళ్లది, రెండోది నిపుణుడిది. కొనేటప్పుడే అడగండి: హాష్‌తో ఎక్స్‌పోర్ట్ అవుతుందా, యాప్‌లో చూడటం వరకేనా?

దొంగల ముఖాలను గ్రూపుల్లో తిప్పకండి. పట్టుబడ్డాక గుర్తింపు పరేడ్ పెడితే, సాక్షి ఆ ముఖాన్ని ముందే ఫోన్‌లో చూశాడన్న ఒక్క మాటతో దాని విలువ పోతుంది.

తాళం మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలనుకుంటే, పోలీసులు చూసి ఫొటోలు తీసేదాకా తలుపు బాగుచేయించకండి. విరిగిన పట్టీ, ఊడిన స్క్రూలు, బిల్లు, పెట్టె అన్నీ దాచండి. వాటిని స్వాధీనం చేసుకుంటే పంచనామా కాపీ అడిగి తీసుకోండి, అందులో స్క్రూల పొడవు రాయించండి. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. క్రిమినల్ కేసు తేలాక చూద్దాంలే అని ఆగితే అది దాటిపోతుంది.