కడియం నుంచి వచ్చిన మైదానాల బృందం: మా హైస్కూలు గ్రౌండులో చేసిన పని

పిల్లలు ఆడుకునే నేలను పద్ధతిగా పరీక్షించి, బాగుచేసి అప్పగించే మనుషులు గోదావరి జిల్లాల్లో ఉన్నారా అని తోటి వ్యాయామ ఉపాధ్యాయులు నన్ను అడుగుతున్నారు. ఉన్నారు. కడియం నర్సరీల్లో పచ్చిక పరిచే పనితో మొదలుపెట్టి, ఇప్పుడు ఊళ్లలో ఆట మైదానాల పని కూడా పడుతున్న ఒక చిన్న బృందం సంక్రాంతి వెళ్లాక మా దగ్గరకు వచ్చింది. మాది పాలకొల్లు దగ్గర ఊరు. నేను ఆడపిల్లల కబడ్డీ జట్టును చూసుకుంటాను. వాళ్ల పనిలో మెచ్చుకోవలసింది చాలా ఉంది, గట్టిగా అడగవలసినదీ ఒకటి ఉంది.

అంతకుముందు ఒక కాంట్రాక్టరు వచ్చి రెండు ట్రాక్టర్ల గ్రావెల్ దింపించి, రోలరు తిప్పి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయాడు. చూడటానికి నేల చదునుగా, ఎర్రగా బాగానే కనిపించింది. ఆ వారంలోనే పిల్లల మోకాళ్లు చెక్కుకుపోయాయి. వీళ్లు రాగానే రోలరు మాట ఎత్తలేదు. "పిల్లలు ఎక్కువగా ఎక్కడ పడుతుంటారు మేడం?" అన్నాడు మేస్త్రి. నేల పని చేసేవాళ్లలో ఆ మాట అడిగిన మనిషిని నేను అతన్నే చూశాను. కబడ్డీలో పట్టు పట్టేచోటు, లాంగ్‌జంప్ గుంట అంచు, వాలీబాల్ స్తంభం పక్క చూపించాను. అక్కడి నుంచే పని మొదలుపెట్టారు.

పరీక్ష అంటే పైపైన చూసి తలాడించడం కాదు. చేతులు చాస్తే తగిలేంత దూరంలో వరసగా నిలబడి, తల వంచుకుని, మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు నడిచారు. లోపం కనిపించిన చోటల్లా చిన్న జెండా గుచ్చారు. ఆట ఆపవలసిన చోట ఎర్రది, చూసి ఆడుకోవచ్చనే చోట పసుపుపచ్చది. ఇది పొద్దున చేసిన పని. పొద్దు వాలాక ఇంకోసారి నడిచారు, ఎందుకంటే ఏటవాలు ఎండలో గాజు ముక్క తళుక్కుమని పట్టిస్తుంది. ఆ తర్వాత రెండు చక్రాల మీద నేలకు అంగుళం ఎత్తున వేలాడే అయస్కాంతాల కడ్డీని మైదానమంతా లాగారు. పండగ మూడు రోజులూ పక్క కొబ్బరితోటలో కోడిపందేల బరి నడిచింది, షామియానాలూ బండ్లూ మా మైదానంలోకి వచ్చేశాయి. కడ్డీకి మేకులు, బోల్టులు, తీగ ముక్కలు అంటుకొచ్చాయి. వాటి మధ్య ఒక కోడికత్తి. మొదలు దగ్గర దారం ఇంకా చుట్టే ఉంది. పైన తుప్పు పట్టినా, గోటితో మట్టి గీస్తే అంచు తెల్లగా మెరిసింది. అది దొరికిన చోటికి మా పిల్లలు ఒట్టి కాళ్లతో కూతకు వెళ్లే గీత నాలుగడుగుల దూరం. నాకు గుండె ఆగినంత పనయింది. అయస్కాంతం గాజును పట్టదు కాబట్టి బరి వైపు మట్టిని పైపైన గీకి జల్లెడ పట్టారు. పల్లేరు కాయలు కూడా అందులోనే తేలాయి. ఆ తీగను కాయ కట్టకముందే వేళ్లతో పీకకపోతే వచ్చే ఏడు మళ్లీ ఇదే పని అని చెప్పారు.

మన నేల సంగతి వీళ్లకు బాగా తెలుసు. డెల్టా బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నెర్రెలు తీస్తుంది. దానిమీద రోలరు తిప్పేకొద్దీ మట్టిలో గాలి ఆడే సందులు పూడుకుపోయి నేల రాయిలా బిగుస్తుంది. పడిన పిల్ల దెబ్బలో నేల తనవంతు పుచ్చుకోవాలి, లేకపోతే మొత్తం చీలమండకో తలకో తగులుతుంది. నేల గట్టిదనాన్ని కొలవడానికి 1970లలో ఆస్ట్రేలియాలో బేడెన్ క్లెగ్ తయారుచేసిన సుత్తి లాంటి పరికరం ఉంది. బరువును గొట్టంలోంచి జారవిడిచి, నేలకు తగిలి ఎంత వేగంగా ఆగిందో చూస్తారు. అమెరికాలో ఎన్ఎఫ్ఎల్ అనే వాళ్ల ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌ల ముందు, గట్టిదనం చూపే ఆ అంకె 100 లోపు ఉండాలి. ఇంత చిన్న బృందం దగ్గర అది లేదు, ఉండాలని నేనూ అనను. వీళ్లు సన్నని ఇనుప చువ్వను చేతి బలంతో గుచ్చి చూస్తారు. తడి ఆరని మంచి నేలలో అది జానెడు లోతు దిగాలి. గ్రావెల్ పోసిన చోట రెండు వేళ్ల మందం దిగి ఆగిపోయింది.

కబడ్డీ కోర్టు పనే అన్నిటికన్నా బాగా చేశారు. ఆడపిల్లల కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. దాన్నీ చుట్టూ ఉన్న జాగానూ జానెడు లోతు తవ్వి, గ్రావెల్ మొత్తం ఎత్తిపోశారు. కాస్త ఇసుక కలిపితే సరిపోదా అని మా సిబ్బందిలో ఒకరు అడిగారు. బంకమట్టిలో కొంచెం ఇసుక కలిపితే ఆరాక ఇటుకలా గట్టిపడుతుందట, వేస్తే బాగా ఎక్కువ వేయాలి, లేదా అసలు వద్దు. జల్లించిన మట్టిలో నానబెట్టి కడిగిన కొబ్బరిపొట్టు, ఊక కలిపారు. రెండూ మన ఊళ్లలో కుప్పలుగా దొరికేవే. పచ్చి పేడ మాత్రం వద్దన్నారు. పేడలోనూ మట్టిలోనూ ధనుర్వాతం కలిగించే క్రిములుంటాయి, చర్మం చెక్కుకుపోయే ఆటలో పేడ కలిపిన నేల తగదు. నేనైతే అది సరే గానీ పిల్లలందరికీ ధనుర్వాతం టీకాలు సకాలంలో పడ్డాయో లేదో చూడటం కూడా మైదానం పనే అంటాను.

గీతల విషయంలో వాళ్ల పట్టుదల నాకు ఎంతో నచ్చింది. మేము పెట్టుకున్న సున్నం బస్తా చూడగానే పక్కన పెట్టించారు. సున్నం తడి తగిలితే చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. కబడ్డీలో పిల్లలు ముఖం గీతకు ఆనించి చేయి చాపుతారు కదా. ముగ్గులు పెట్టుకునే రాతిపిండి తెప్పించి దానితోనే గీశారు. చాలా స్కూళ్లలో సున్నంతోనే గీతలు గీస్తున్నారు. ఈ ఒక్క మార్పుకు పెద్ద ఖర్చేమీ లేదు, రేపే చేయవచ్చు.

మైదానం గట్టు వెంట వరిచేలున్నాయి. సార్వా (వానాకాలపు పంట) కోతలయ్యాక ఎలుకలు చేలోంచి ఇటు వస్తాయి. బొరియ మీద దోసెడు మట్టి పోసి తొక్కితే పైకి పూడినట్టే ఉంటుంది గానీ, పరుగెత్తే కాలు పడగానే దిగబడుతుంది. వీళ్లు బొరియను చివరిదాకా తవ్వి, తడిమట్టి కొంచెం కొంచెంగా పోస్తూ దిమ్మిసతో కొట్టారు. తర్వాత మోటారుతో నీళ్లు పెట్టి, ఎక్కడ నిలుస్తున్నాయో చూసి, పంటబోదె ఉన్న వైపు కాకుండా మురుగు కాలువ వైపు వాలు ఇచ్చారు. గరిక ఉన్న చోటును ముట్టుకోలేదు. పెద్ద మైదానాల్లో బెర్ముడా గడ్డి పేరుతో పెంచేది ఆ జాతి గడ్డినే. నీళ్లు నిలిచే చోట పెరిగే తుంగను మాత్రం గడ్డలతో సహా తీశారు.

వాలీబాల్ కోర్టుకు చుట్టూ కనీసం 3 మీటర్ల ఖాళీ ఉండాలి, మా దానికి ఒక వైపు లేదు. కోర్టునే జరిపించారు. స్తంభాల సిమెంటు దిమ్మెలు నేలపైకి పొడుచుకొచ్చిన మేర కొట్టేసి, తీగ తాడు కొసలకు గొట్టం తొడిగారు. గట్టు మీది కొబ్బరిచెట్ల గెలలు దింపించుకునే పని స్కూలుదే అన్నారు, న్యాయమే. లాంగ్‌జంప్ గుంటలో ఇసుక తిరగదోడి, జల్లించి, బోర్డు ఎత్తుకు సమంగా నింపారు. అంచున నిలబెట్టిన ఇటుకలు తీసేశారు. రాత్రిళ్లు కుక్కలు పాడుచేయకుండా పరదా కప్పాలని మరీ మరీ చెప్పారు.

నాకు నచ్చనిది ఫుట్‌బాల్ గోల్‌పోస్టుల పని. మావి ఇనుప పైపులతో చేసినవి, ఎక్కడికైనా మోయగలిగేవి. ఇలాంటివి పిల్లలు వేలాడినప్పుడో, గాలికో ముందుకు బోర్లాపడి తలకు తగిలి ప్రాణాలు పోయిన ప్రమాదాలు ఎన్నో దేశాల్లో జరిగాయి. ఆట నియమాల్లోనే గోల్‌పోస్టులు నేలకు గట్టిగా బిగించి ఉండాలని రాసి ఉంది. వీళ్లు వెనక పైపు మీద ఇసుక బస్తాలు వేసి ఊరుకున్నారు. ప్లాస్టిక్ బస్తాలు మన ఎండకు చివికి చినిగాయి, ఇసుక కారిపోయింది. ఫోను చేస్తే బస్తాలు మారుస్తామన్నారు. బస్తాలు కాదు కావలసింది, నేలలోకి దిగే కొక్కేలు. చివరకు మా ఊరి వెల్డరుతో చేయించాను. ఇంత శ్రద్ధగల బృందం దీన్ని తేలిగ్గా తీసుకోవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది. మీరు పిలిస్తే ఆ పని ముందే మాట్లాడుకోండి, లేదా గోల్‌పోస్టులు వేరేవాళ్లకు అప్పగించండి.

పరీక్షకు 3,500 రూపాయలు తీసుకున్నారు, మరమ్మతు కూలి వేరు. ట్రాక్టరు, నీళ్లు, మట్టి మనమే చూసుకోవాలి. అన్ని పనులకూ డబ్బు లేకపోతే పరీక్ష ఒక్కటైనా చేయించండి. జెండాలు గుచ్చిన చోట్లన్నీ పటంలా గీసి ఒక రిజిస్టరులో రాసి ఇస్తారు, అందులో సగం పనులు పలుగు పారతో మనమే చేసుకోగలం. మా పిల్లలు ఇప్పుడు సాధనకు ముందు వంతులవారీగా ఆ పటం పట్టుకుని మైదానం తిరిగి, చూసిన చోటల్లా సంతకం పెడుతున్నారు. సంక్రాంతి వెళ్లిన రెండు వారాలూ వీళ్లకు ఊపిరి సలపనంత పని, ముందే చెప్పిపెట్టుకోవాలి. వానాకాలంలో పిలిచినా రారు. దాళ్వా (రెండో పంట) కోతలయ్యి, మైదానంలో ఆరబోసిన ధాన్యం ఎత్తేశాక పిలిస్తే తీరికగా చేస్తారు.