స్లో మోషన్ వదిలేశాను, మగ్గం చప్పుడు ఉంచుకున్నాను: సినిమాటిక్ వీడియో కథనాలతో ఏడేళ్లు

2018లో టీవీ ఉద్యోగం వదిలి సొంతంగా వీడియో కథనాలు తీయడం మొదలుపెట్టాను. అంతకుముందు నాకు తెలిసిన పద్ధతి ఒకటే. స్పాట్‌కి వెళ్లడం, నాలుగు విజువల్స్, రెండు బైట్లు (మనుషుల మాటలు), కెమెరా ముందు నిలబడి చెప్పే ఒక పీటూసీ. పైన వాయిస్ ఓవర్ పరిస్తే నిమిషంన్నర వార్త తయారు. అందులో మనుషులు కనబడతారు గానీ వాళ్ల పని కనబడదు. ఆ లోటు తీరుతుందనే సినిమాటిక్ పద్ధతికి, అంటే సినిమాలోలా షాట్లు కూర్చి కథ చెప్పే తీరుకు మారాను. ఏడేళ్లు దీనితోనే బతికాక ఏది చివరిదాకా పనికొచ్చింది, ఏది అడ్డమైంది అన్నది రాయాలనిపించింది. కొత్తగా వస్తున్న పిల్లలు ఉన్న డబ్బంతా లెన్సుల మీద పోసేస్తున్నారు, ఎక్కువగా వాళ్ల కోసమే ఇది.

ఈ ఊపు 2008లో కేనన్ 5డీ మార్క్ 2 వచ్చాక పుంజుకుంది. ఫొటోలు తీసే కెమెరాలోనే ఫుల్ హెచ్‌డీ వీడియో, అదీ పెద్ద సెన్సర్‌తో దొరకడంతో ఫొటో జర్నలిస్టులు చాలామంది వీడియోలోకి వచ్చారు. వెనకంతా మసకబారి ముఖం ఒక్కటే తేటగా నిలిచే ఆ బొమ్మ మామూలు విలేకరికి అందింది అప్పుడే. నా సరంజామా చిన్నది: సెకండ్‌హ్యాండ్ మిర్రర్‌లెస్ కెమెరా, 35, 85 ఎంఎం లెన్సులు, ఒక ట్రైపాడ్. మధ్యలో కెమెరా మార్చాను. లెన్సులు ఇప్పటికీ అవే.

ముందుగా సెట్టింగుల మాట. మన కరెంటు 50 హెర్ట్జ్. అమెరికా వాళ్ల పాఠాలు చూసి సెకనుకు 30 ఫ్రేములు, 1/60 షటర్ (ఒక్కో ఫ్రేమ్‌కు వెలుతురు పడే సమయం, సెకన్లలో) పెట్టుకుని మన ఇళ్లలో ట్యూబ్‌లైట్ కింద తీస్తే వెలుతురు కొట్టుకుంటుంది, గోడ మీద పట్టీలు కదులుతాయి. 25 ఫ్రేములు, 1/50 పెడితే ఆ బాధ చాలావరకు పోతుంది, కదలిక కూడా కంటికి సహజంగా ఉంటుంది. ఎండలో అదే 1/50 నిలవాలంటే లెన్సుకు చలువ కళ్లద్దం లాంటి ఎన్‌డీ ఫిల్టర్ తొడగాలి. తిప్పుకునే రకం ఎన్‌డీలో చవకది కొంటే, బాగా తిప్పినప్పుడు ఫ్రేమ్ నడుమ నల్లటి ఇంటూ గుర్తు పడుతుంది. ఒక పత్తి రైతు కథనంలో ఆకాశమంతా అలా పాడైంది, మళ్లీ తీయడానికి ఆ పొద్దు తిరిగి రాలేదు. ఇక్కడ మాత్రం పొదుపు చేయకండి.

ఇక నాకు అన్నింటికన్నా ఎక్కువ ఇచ్చింది ఐదు షాట్ల పద్ధతి. వీడియో జర్నలిజం నేర్పే మైకేల్ రోజెన్‌బ్లమ్ పేరు మీద ప్రచారంలోకి వచ్చిన పాఠం ఇది. చేతులు దగ్గరగా, ముఖం దగ్గరగా, దూరం నుంచి మొత్తం, భుజం మీదుగా, చివరిది మనకు తోచిన కోణం. వినడానికి చిన్నపిల్లల పాఠంలా ఉంటుంది. దీని బలం నాకు పోచంపల్లి వైపు చిటికి నేత (ఇకత్) మీద కథనం చేసినప్పుడు తెలిసింది.

ఆ నేతలో దారాన్ని మగ్గం ఎక్కించకముందే ఆసు పోయాలి. ఒక పక్క ఒంటి మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరస మేకులు. దారాన్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు ఆడాలి. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఈ పనికి యంత్రం చేసి, ఆమె పేరుతోనే దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

నేను వెళ్లిన ఇంట్లో ఒక అవ్వ ఒకప్పుడు చేత్తో ఎలా పోసేదో చూపించింది. పాత రిపోర్టర్‌నయితే గది మొత్తం ఒక షాట్ తీసి బైట్ అడిగేవాణ్ని. చేతులు దగ్గరగా తీయాలన్న నియమం ఉంది కాబట్టి ముందు అక్కడికే లెన్సు తిప్పాను. చూపుడు వేలి పక్కన దారం కోసుకుపోయిన గాడి, తెల్లగా గట్టిపడిపోయి ఉంది. యంత్రం వచ్చి ఇన్నేళ్లయినా ఆ గాడి పూడలేదు. ముఖం దగ్గరికి వస్తే పెదవులు మెల్లగా కదులుతున్నాయి, పోగులు లెక్కపెట్టుకుంటోంది. ఆ రెండు షాట్లూ పడ్డాక భుజం నొప్పి గురించి వాయిస్ ఓవర్‌లో రాసుకున్న మూడు వాక్యాలు నేనే కొట్టేశాను. ఐదో షాట్ ఒంటి మేకు పక్కనుంచి తీశాను: చెయ్యి మనవైపు వస్తుంది, వెనక్కి పోతుంది, మళ్లీ వస్తుంది. నలభై సెకన్లు కట్ లేకుండా ఉంచాను.

ఇక్కడే ఈ పద్ధతిలోని పెద్ద ప్రమాదం కూడా ఎదురైంది. మొదటి కూర్పులో ఆ దృశ్యం ఆ ఇంట్లో రోజూ జరిగే పనిలాగే కనబడింది. నిజానికి వాళ్లు యంత్రం మీద పోసుకుంటున్నారు. అవ్వ నాకోసం చేసి చూపించింది. షాట్లు ఎంత అందంగా అతికితే చూసేవాళ్లు అంత తేలిగ్గా నమ్మేస్తారు. అందుకే తెర మీద ‘ఒకప్పటి తీరును చేసి చూపిస్తున్నారు’ అని వేశాను. ఆ రోజు నుంచి ‘ఇంకొక్కసారి చేయండమ్మా’ అనే మాట నా నోటి నుంచి రాకుండా చూసుకుంటున్నాను. షాట్ తప్పిపోతే తప్పిపోయినట్టే. మళ్లీ ఆ పని దానంతటదే జరిగేదాకా కూర్చుంటాను. రోజుకు రెండు కథనాలు అడిగే చోట ఇది కుదరదు, ఆ సంగతి ముందే తెలుసుకుని దిగండి.

శబ్దం గురించి ఎంత చెప్పినా తక్కువే. మొదటి రెండేళ్లు కెమెరాలో పడిన శబ్దంతోనే నెట్టుకొచ్చాను. ఇప్పుడు ఆ కథనాలు చూస్తే బొమ్మ బాగానే ఉంది, వినబుద్ధి కాదు. తర్వాత 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ కొన్నాను. గుంట మగ్గంలో నాడె (అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లేది) కొట్టే చప్పుడు ఒక పక్క, మగ్గం ఆపి నేతన్న గొంతు తగ్గించి అప్పు సంగతి చెప్పడం ఒక పక్క. లెవెల్ తిప్పుకునే తీరికే ఉండదు. ఈ రికార్డర్‌లో పెద్ద చప్పుడు పగలదు, చిన్న మాటను తర్వాత పైకి లేపుకోవచ్చు. కొన్నవాటిలో దీని మీద పెట్టిన డబ్బే నాకు పూర్తిగా దక్కింది.

కాలర్ మైక్ ఆడవాళ్లకు పెట్టేటప్పుడు ఒక మాట. కొంగుకి గుచ్చితే చీర గరగర, పుస్తెలు తగిలి టిక్కుటిక్కుమనడం, అన్నీ పడతాయి. భుజం మీద పిన్ను దగ్గర, గొలుసు ఆడని చోట పెట్టుకోమని వాళ్లకే ఇస్తాను. మాటలు అయ్యాక గదిలో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం రికార్డ్ చేస్తాను. ఫ్యాన్ తిరగడం, పక్కింటి కుక్కర్, దూరంగా మేకలు. బైట్ల మధ్య అతుకులు కప్పేది ఆ నిమిషమే.

సంగీతం విషయంలో నన్ను మార్చింది మరో ఊళ్లోని నేత ఇల్లు. కథనం పూర్తయ్యాక ఫోన్‌లో వాళ్లకే ముందు చూపించాను. కింద వయొలిన్ ట్రాక్ నడుస్తోంది. ఆ ఇంటి పెద్దామె రెండు నిమిషాలు చూసి, “గీ ఏడుపు పాట ఏడికెళ్లి వచ్చింది బిడ్డా? మా ఇంట్ల గిట్ల ఏడ్వంగ జూసినవా?” అంది. ఆమె అప్పుల గురించి చెప్పింది, నిజమే. కానీ చెబుతున్నప్పుడు నవ్వింది, నాకు చాయ్ పోసింది, మనవడిని కేకేసింది. ఆ వయొలిన్ ఆ నవ్వును మింగేసింది. రాత్రి కూర్చుని ట్రాక్ మొత్తం తీసేసి మగ్గం చప్పుడు పైకి తెచ్చాను. కథనం ఆరు నిమిషాలకు దిగింది, ఎందుకంటే సంగీతం ఉందన్న ధైర్యంతో నిలబెట్టుకున్న షాట్లు అది లేకపోయేసరికి నిలబడలేదు.

స్లో మోషన్ కూడా అలాంటిదే. 120 ఫ్రేముల్లో తీస్తే చెమట చుక్క కూడా గొప్పగా ఉంటుంది. కానీ ఆసు పోసే చెయ్యికి ఒక వేగం ఉంది, కష్టమంతా ఆ వేగంలోనే ఉంది. దాన్ని నెమ్మది చేస్తే నాట్యంలా కనబడుతుంది. కెమెరా కుదుపులు ఆపే గింబల్ రెండేళ్లుగా బీరువాలోనే ఉంది. ఇరుకు ఇళ్లలో దాన్ని పట్టుకుని తిరిగితే పిల్లలంతా చుట్టూ చేరతారు, పని ఆగిపోతుంది.

లాగ్, అంటే రంగులు తర్వాత దిద్దుకునేలా బొమ్మను చప్పగా రికార్డ్ చేసే తీరు గురించి క్లుప్తంగా: కెమెరా రంగుల ఛాయలు ఎక్కువ పట్టే 10 బిట్ ఇస్తేనే వాడండి. 8 బిట్ లాగ్‌లో రంగులు సరిచేసేటప్పుడు సాయంత్రపు ఆకాశం చారికలుగా విడిపోతుంది. నిల్వ ఖర్చు కూడా లెక్కేసుకోండి. సెకనుకు 100 మెగాబిట్ల 4కే వీడియో అంటే గంటకు 45 జీబీ, రెండు డిస్కుల్లో దాచాలంటే 90. ఎడిటింగ్‌కి డావిన్చీ రిసాల్వ్ ఉచిత వెర్షనే ఇన్నాళ్లూ వాడాను, యూహెచ్‌డీ (మామూలు 4కే) దాకా అది నాకు సరిపోయింది.

సబ్‌టైటిళ్లు తెలుగులోనే వేస్తాను, మనిషి అన్నది అన్నట్టుగా. ‘ఏడికెళ్లి’ని ‘ఎక్కడి నుంచి’ అని దిద్దమని ఒకరిద్దరు ఎడిటర్లు అడిగారు. దిద్దలేదు. గొంతు ఒకటి పలుకుతుంటే కింద అక్షరం ఇంకోటి చెబితే ఆ మనిషిని తక్కువ చేసినట్టుంటుంది. నిలువు వీడియోలకు కూడా ఇదే పాటిస్తున్నాను. 2024 అక్టోబర్‌ నుంచి యూట్యూబ్ షార్ట్స్ మూడు నిమిషాల దాకా ఒప్పుకుంటోంది కాబట్టి ఐదు షాట్లూ అందులో ఇమిడిపోతున్నాయి. చేతుల షాట్ అయితే నిలువు ఫ్రేమ్‌లోనే ఇంకా బాగుంటుంది.

ఇప్పుడు ఎవరింట్లోనైనా అడుగుపెడితే ముందు వాళ్లనడిగి రికార్డర్ నొక్కి గడప పక్కన పెడుతున్నాను. కెమెరా సంచి జిప్పు తీసేసరికి గంటైనా అవుతోంది.